సీకో 6139, ఒమేగా స్పీడ్‌మాస్టర్ 125: తిరుపతిలో అమ్మకానికి ఉండాయి, ఒరిజినలేనా ఎట్లా తేల్చేది?

శేషాచలం_సెకన్లు:

అన్నలకు నమస్తే. గాంధీ రోడ్డు పక్క సందులో పాత వాచీలు అమ్మే ఒకాయన దగ్గర రెండు క్రోనోగ్రాఫులు (స్టాప్‌వాచ్ కూడా ఉండే చేతి వాచీలు) ఉండాయి. రెండూ కలిపి తీసుకుంటేనే బేరం అంటాడు.

మొదటిది సీకో. పసుపు డయల్, ఎరుపు-నీలం బెజెల్ (అద్దం చుట్టూ ఉండే రింగు). వెనక మూత మీద 6139-6002, ఆరంకెల సీరియల్, 35తో మొదలవుతుంది. మూత మీద ‘వాటర్ రెసిస్ట్’ అని ఉంది, డయల్ మీద మాత్రం ‘వాటర్ 70 మీ. ప్రూఫ్’ అని ఉంది. స్టార్ట్, స్టాప్ పనిచేస్తాయి. రీసెట్ కొడితే పెద్ద ముల్లు 12 దాటి రెండు సెకన్ల కాడ నిలుస్తుంది. ‘అంతరిక్షానికి పోయిన లిమిటెడ్ ఎడిషన్’ అంటాడు. తిరుమల హుండీ వాచీల వేలంలో వచ్చిందని ఒక రసీదు కూడా చూపించినాడు.

రెండోది ఒమేగా స్పీడ్‌మాస్టర్ 125, స్టీలు చైనుతో. డయల్ నిన్న చేసినట్టు తళతళా ఉంది. వెనక మూత మీద 412/2000 అని చెక్కి ఉంది. పీలేరు ఆయన ఎవరో కువైట్ నుంచి తెచ్చిందంట. మూత తెరవమంటే ముందు అడ్వాన్స్ అంటాడు.

ఏం చూడాలి, ఏ వరసలో చూడాలి? ఏది తేడా ఉంటే వదిలేయొచ్చు, ఏది ఉంటే ధర తగ్గించి తీసుకోవచ్చు?

---

చిత్తూరు_లూపు:

సామీ, ముందు సీకో సంగతి తేల్చేద్దాం, దాంట్లో సగం జవాబు నువ్వే రాసేసినావు.

6139-6002 లిమిటెడ్ ఎడిషన్ కానే కాదు. 1969 నుంచి 70ల చివరిదాకా సీకో వాళ్ళ సువా ఫ్యాక్టరీలో కుప్పలుగా తయారైన వాచీ అది. 1973 నవంబరులో స్కైలాబ్ 4 అంతరిక్ష యాత్రలో అమెరికా వ్యోమగామి విలియం పోగ్ కట్టుకొని పోయింది 6139-6005. అమెరికా మార్కెట్‌కు ఇచ్చిన నంబరు అది. కుటుంబం ఒకటే గానీ ఈ 6002కు ఆ కథ పేరుతో ఒక్క రూపాయి కూడా ఎక్కువ ఇవ్వొద్దు.

సీకో సీరియల్‌లో మొదటి అంకె సంవత్సరం చివరి అంకె, రెండోది నెల. జనవరి నుంచి సెప్టెంబరుకు 1 నుంచి 9, అక్టోబరుకు సున్నా, నవంబరుకు ఎన్, డిసెంబరుకు డి. ఈ మోడల్ పుట్టిందే 1969లో, నిలిచిపోయింది 70ల చివర. కాబట్టి 35 అంటే 1973 మే, ఇంకో అర్థం రాదు. 9తో మొదలైతే మాత్రం 1969నా, 1979నా అని తన్నుకోవాల్సి వస్తుంది. అప్పుడు ప్రూఫ్, రెసిస్ట్ అనే మాటలే దారి చూపిస్తాయి.

నీ వాచీలో ఆ మాటలే దొంగను పట్టించినాయి. ‘ప్రూఫ్’ అని రాయడం సీకో 1970 ప్రాంతంలో మానేసి ‘రెసిస్ట్’ పెట్టింది. మారే కాలంలో డయల్ మీద ఒకటి, మూత మీద ఒకటి ఉన్నవి వచ్చినాయి, నిజమే. 1973 మే నాటికి ఆ కలగలుపు ముగిసిపోయి చాలా రోజులైంది. అంటే ఈ డయల్ ఈ కేసుతో పుట్టింది కాదు. తొలి రోజుల వాచీ నుంచి పీకి పెట్టినదై ఉండాలి, లేదా బయట కొత్తగా అచ్చేసినదై ఉండాలి. మొదటిదైతే డయల్‌కు విడిగా విలువ ఉంటుంది. రెండోదైతే రంగు పూసిన రేకు.

ఏదో తెలుసుకోడానికి 10 ఎక్స్ లూపు (పదింతలు పెద్దగా చూపే బూతద్దం), చిన్న టార్చి చాలు. టార్చిని ఎదురుగా కొట్టొద్దు, డయల్‌కు దాదాపు సమానంగా పక్క నుంచి వెయ్యి. 6 దగ్గరి చిన్న డయల్‌లో గ్రామఫోన్ రికార్డు మాదిరి సన్నటి వలయాలు ఉంటాయి. ఒరిజినల్‌లో ఒక్కో వలయం అంచు విడిగా మెరుస్తుంది, టార్చిని కదిలిస్తే ఆ మెరుపు ముక్కోణంలా గిర్రున తిరుగుతుంది. అచ్చేసిన వాటిలో ఆ వలయాలు అసలుండవు, ఉన్నా గాడుల్లో పెయింటు నిండిపోయి మొద్దుగా కనిపిస్తాయి. తర్వాత గంటల గుర్తులు చూడు. ఒరిజినల్‌లో అవి విడివిడిగా అతికించిన లోహపు కడ్డీలు, అంచులు కత్తిరించినట్టు పదునుగా ఉంటాయి. తేదీ కిటికీ అంచు కూడా అంతే, దాంట్లో బర్రు (కోతలో మిగిలిన గరుకు) కనిపించిందంటే చవక అచ్చు.

డయల్ కింది అంచున, 6కు రెండు పక్కలా, బూతద్దంతో గానీ చదవలేనంత చిన్న అక్షరాల్లో జపాన్ అనీ డయల్ నంబరూ ఉంటాయి. ఆ నంబరు 6139తో మొదలవ్వాలి. తర్వాతి నాలుగంకెలు మూత మీది 6002తో కలవకపోతే కంగారు పడొద్దు, సీకోలో కేసు నంబరు, డయల్ నంబరు వేరువేరుగానే ఉంటాయి. కొత్తోళ్ళు ఇక్కడే తడబడి మంచి వాచీని దొంగదని వదిలేస్తుంటారు. ఆ వరసే లేకపోయినా, లావుగా కంటికి కొట్టొచ్చినట్టు ఉన్నా అది బయటి డయల్.

బెజెల్‌లో ఎరుపు టమోటా పండు మాదిరి మెరుస్తుంటే కొత్త ఇన్సర్ట్ (బెజెల్‌లో కూర్చునే రంగు పట్టీ). యాభై ఏండ్ల ఎండ తగిలిన ఎరుపు గులాబీ వైపో ఇటుక వైపో తిరిగుంటుంది, నీలం కూడా బూడిద పట్టుంటుంది. ఇన్సర్ట్ మారిస్తే పెద్ద పాపం కాదు, ధరలో తీసేయ్, అంతే.

హుండీ రసీదు మాట. టీటీడీ హుండీలో వచ్చిన వాచీలను లాట్లుగా ఈ-వేలం వేసేది వాస్తవమే. కొత్తవీ ఉంటాయి, వాడినవీ ఉంటాయి, పాక్షికంగా దెబ్బతిన్నవీ ఉంటాయి. ఆయన చూపించే కాగితంలో ఈ వాచీ సీరియల్ నంబరు లేకపోతే దానికీ దీనికీ చుట్టరికం లేదు. ఉందనుకో, అప్పుడు కూడా వాచీ ఎక్కడి నుంచి వచ్చిందో చెబుతుంది గానీ లోపల ఏ భాగాలు మార్చినారో చెప్పదు.

---

మదనపల్లె_మెషిన్:

లూపు అన్న డయల్ చూసుకున్నాడు, నేను నడక చెబుతాను. ఇవన్నీ మూత తెరవకుండానే, షాపులో నిలబడి చేయొచ్చు.

6139కు మామూలుగా తిరిగే సెకండ్ల ముల్లు లేదు. నడుస్తాందో లేదో చూడాలంటే క్రోనో ఆన్ చేయాల్సిందే. చేత్తో కీ ఇచ్చే ఏర్పాటు కూడా లేదు, ఊపితేనే స్ప్రింగు చుట్టుకుంటుంది. ఎవరైనా ‘కీ ఇచ్చి చూడండి’ అంటే ఆయనకు ఈ మెషిన్ తెలియదు. కీ ఇచ్చేది దీని అన్న 6138కు. క్రౌన్‌ను, అంటే పక్కనుండే తిప్పే బొడిపెను, మామూలు స్థితిలో తిప్పితే అద్దం కిందుండే పసుపు రింగు తిరగాలి. తిరక్కుండా జారుతుంటే రింగు పళ్ళు అరిగినాయి, లేకపోతే దాన్ని తిప్పే చిన్న చక్రం పోయింది. క్రౌన్‌ను సగం నొక్కితే తేదీ, పూర్తిగా నొక్కితే వారం మారాలి. ఈ పరీక్ష రాత్రి 9 నుంచి 1 మధ్య ముల్లులు ఉన్నప్పుడు చేయొద్దు, తేదీ చక్రం పళ్ళు విరుగుతాయి. ముందు 6 గంటల దగ్గరికి ముల్లులు తెచ్చుకొని నొక్కు.

క్రోనో స్టార్ట్ చేసి 35 నిమిషాలు వదిలెయ్. టీ తాగి రా. చిన్న డయల్ 30 దాటి మళ్ళీ మొదట్నుంచి లెక్క పెట్టుకుంటూ ఉండాలి. ప్రతి నిమిషానికీ పెద్ద ముల్లు 12 దాటే చోట తడబడకూడదు. దీంట్లో ఉండేది వర్టికల్ క్లచ్. రెండు పళ్ళేలు ఒకదాని మీద ఒకటి అదుముకొని పట్టుకుంటాయి, పక్కనుంచి పళ్ళచక్రం వచ్చి తగులుకునే పాత పద్ధతి కాదు. అందుకే స్టార్ట్ నొక్కగానే ముల్లు ముందుకో వెనక్కో తుళ్ళకూడదు. తుళ్ళితే క్లచ్ జారుతోందని అర్థం. టైము సరిగ్గా నడుస్తూ క్రోనో ముల్లు మాత్రం మధ్యలో నిలిచి నిలిచి పోతుంటే కూడా అదే రోగం. క్రోనో ఆపగానే వాచీ మొత్తం ఆగిపోతే క్లచ్ విడిపోవడం లేదు.

రెండు సెకన్ల తేడా గురించి: వేరువేరు చోట్ల ఆపి, ఓ పదిసార్లు రీసెట్ కొట్టు. ప్రతిసారీ సరిగ్గా రెండు సెకన్ల దగ్గరే నిలిస్తే ముల్లు ఎక్కించేటప్పుడు తప్పుగా ఎక్కించినారు, అది చిన్న పని. ఒకసారి 1, ఒకసారి 3, ఒకసారి 12 మీద నిలిస్తే ముల్లు గొట్టం వదులైంది. రీసెట్ సుత్తి దెబ్బకు ఇరుసు ఆగినా ముల్లు జారిపోతుంది. గొట్టాన్ని బిగించొచ్చు గానీ, చేతకానివాడు కటింగ్ ప్లయర్‌తో నొక్కితే ఎర్ర ముల్లు పూత లేచిపోతుంది. ఒరిజినల్ ముల్లు పోతే మళ్ళీ దొరకడం కష్టం.

మూత తెరిపించినప్పుడు అది మరతో తిరిగే మూత అని గుర్తుంచుకో. మూడు పళ్ళ కీతోనే తెరవాలి. మూత గాడుల చుట్టూ గీతలు విపరీతంగా ఉంటే ఇదివరకు ఎవరో స్క్రూడ్రైవర్‌తో తెరిచినారు, లోపల కూడా అదే చెయ్యి పడి ఉంటుంది. మెషిన్ మీద 6139 ఏ అనో 6139 బి అనో ఉండాలి. బయటి దేశాలకు పంపిన వాటిలో 17 జ్యూయెల్స్ (ఇరుసులు తిరిగే రాళ్ళు), జపాన్‌లో స్పీడ్‌టైమర్ పేరుతో అమ్మిన వాటిలో 21 కనిపిస్తాయి. స్క్రూల తలలు చూడు. గాడి అంచులు తెల్లగా నలిగి ఉంటే దానికి లెక్కలేనన్ని సర్వీసులు, అదీ సరిపడని డ్రైవర్‌తో. ఫోన్‌లో టైమ్‌గ్రాఫర్ యాప్ (టిక్ టిక్ శబ్దం విని నడకను గీతగా చూపించేది) ఉంటే గంటకు 21,600 కొట్టుడు పెట్టి చూడు. గీత చెదిరిపోతుంటే బేరంలో సర్వీసు ఖర్చు తీసేయ్.

సర్వీసుకు ఇచ్చేటప్పుడు ఒక్క మాట చెప్పాల. మధ్యలోని క్రోనో చక్రాన్ని, అంటే క్లచ్ ఉండేదాన్ని, అల్ట్రాసోనిక్ డబ్బాలో వేయొద్దు, దానికి నూనె పెట్టొద్దు. విప్పి బాగుచేసే భాగం కాదది. దాంట్లో ఫ్యాక్టరీలో పెట్టిన కందెన కడిగేసినా, కొత్త నూనె పట్టించినా పళ్ళేల పట్టు పోతుంది. మన పక్క రిపేరు షాపుల్లో చెయ్యి తిరిగినోళ్ళు ఉన్నారు, కానీ రోజూ చూసేది హెచ్‌ఎంటీ, టైటాన్. అన్ని చక్రాలూ ఒకే పెట్రోల్ గిన్నెలో వేసేది వాళ్ళ అలవాటు. 6139కు ఆ అలవాటే ప్రాణాంతకం.

---

శేషాచలం_సెకన్లు:

థ్యాంక్స్ అన్నా ఇద్దరికీ. మళ్ళీ పోయి చూసినాను. కొంచెం అడ్వాన్స్ ఇస్తే రెండు మూతలూ తెరిచినాడు.

సీకో: చిన్న డయల్‌లో వలయాలు లేవు, నున్నగా ఉంది. కింది అంచున నంబరు లేదు. మెషిన్ 6139 బి, 17 జ్యూయెల్స్. స్క్రూలు బాగానే ఉండాయి. 35 నిమిషాలూ ఆగకుండా నడిచింది, ముల్లు తుళ్ళలేదు. రీసెట్ ఒక్కోసారి ఒక్కో చోట నిలుస్తాంది. లోపలి రింగు తిరుగుతుంది. కేసు అంచులు పదునుగానే ఉండాయి.

ఒమేగా: మెషిన్ బ్రిడ్జి (పై పలక) మీద 1040 అని ఉంది. యూవీ లైటు వేసి తీసేస్తే ముల్లులు తెల్లగా చాలాసేపు వెలుగుతాండాయి, డయల్ గుర్తులు అసలు వెలగలేదు. 412/2000 చెక్కుడు మూత బయట ఉంది. ఆయన దీన్నే గొప్పగా చూపిస్తాండాడు. దీని గురించి ఎవరైనా చెప్పండి.

---

పలమనేరు_పుషర్:

1040 అని చదవగానే ఆ వాచీ ధర మారిపోయింది. వివరం చెబుతాను.

స్పీడ్‌మాస్టర్ 125ను ఒమేగా 1973లో కంపెనీ 125 ఏండ్ల సందర్భంగా తెచ్చింది. దాంట్లో పెట్టింది కాలిబర్ 1041, అంటే ఆ నంబరు మెషిన్. క్రోనోమీటర్ సర్టిఫికెట్ (టైము కచ్చితంగా చూపిస్తుందని పరీక్షించి ఇచ్చేది) వచ్చిన ఆటోమేటిక్ క్రోనోగ్రాఫ్ అన్నదే ఆ మోడల్ గొప్ప, డయల్ మీద కూడా ఆ సంగతి రాసి ఉంటుంది. 1040 దాని మాతృక. 1971లో వచ్చిన స్పీడ్‌మాస్టర్ మార్క్ 3లోనూ, సీమాస్టర్ క్రోనోగ్రాఫుల్లోనూ ఉండే మెషిన్ అది. రెండూ అచ్చం ఒకటిగానే ఉంటాయి. నిమిషాల లెక్క ముల్లు మధ్యలోనే ఉంటుంది, 6 దగ్గర గంటల లెక్క, 9 దగ్గర సెకండ్లూ 24 గంటల గుర్తూ, గంటకు 28,800 కొట్టుడు. కాబట్టి 1041 చెడిపోతే 1040 తెచ్చి బిగించడం సులువు. బయట నుంచి ఎవరికీ తెలియదు, వాచీ చక్కగా నడుస్తుంది. కానీ డయల్ మీద ‘సర్టిఫైడ్ క్రోనోమీటర్’ అని రాసుకొని లోపల ఆ సర్టిఫికెట్ లేని మెషిన్ పెట్టుకున్న వాచీ అవుతుంది. ఒరిజినాలిటీ లెక్కలో ఇది చిన్న తప్పు కాదు.

412/2000 సంగతి ఇంకా తేలిక. 125ను సుమారు 2000 చేసినారని ప్రచారంలో ఉంది. కానీ ఒక్కో వాచీకి ఎడిషన్ నంబరు వేయలేదు. ఆ అంకె తర్వాత ఎవరో చెక్కినారు. అరుదైనదని నమ్మించాలని చెక్కిన గీతే ఇక్కడ దొంగతనానికి సాక్ష్యం. లూపుతో చూడు, గాడిలో అడుగు కొత్తగా మెరుస్తుంటుంది. చుట్టూ ఉన్న పాత సన్నటి గీతలను కోసుకుంటూ పోయి ఉంటుంది. మొదటి నుంచీ ఉన్న చెక్కుడైతే ఆ సన్నటి గీతలు దాని మీదుగా పోతాయి.

నిజంగా నంబరు వేసినవి ఎట్లా ఉంటాయో ఒకటి చెబుతాను. 1969 చంద్రయాత్ర జ్ఞాపకంగా ఒమేగా చేసిన బంగారు స్పీడ్‌మాస్టర్ బీఏ 145.022. 18 క్యారట్, కాలిబర్ 861, మొత్తం 1014. వెనక మూత మీద నంబరు ఉంటుంది. దాంట్లో కూడా జనం మొదట చూసేది ఆ నంబరు కాదు. డయల్ అడుగున ‘స్విస్ మేడ్’కు రెండు పక్కలా గట్టి బంగారం అనడానికి గుర్తైన ఓఎం అక్షరాలు ఉన్నాయా, బెజెల్ ముదురు ఎరుపు మిగిలిందా, మెషిన్ సీరియల్ ఆ ఏండ్లకు సరిపోతుందా అని చూస్తారు. నంబరు చెక్కడానికి పావుగంట చాలు, మిగతావన్నీ ఒకచోట చేర్చడం కష్టం.

ఈ కాలపు ఒమేగాల్లో సీరియల్ మెషిన్ మీద ఉంటుంది, మూత లోపల రిఫరెన్సు నంబరు ఉంటుంది. 125కు మూత లోపల 178.0002 కనిపించాలి. మెషిన్ మీద 8 అంకెలు, 70ల ప్రాంతానిదైతే 3తో మొదలై ఉండాలి. ఆ ఫొటో కూడా తీసి పెట్టుకో. కంపెనీ ఆర్కైవ్ కాగితం వచ్చినా అది ఆ సీరియల్ ఉన్న మెషిన్ ఏ మోడల్‌లో, ఎప్పుడు, ఏ దేశానికి పోయిందో చెబుతుంది. నీ 1040 పుట్టుక బయటపడడానికి అది పనికొస్తుంది. డయల్‌కు, ముల్లులకు, చైనుకు అది పూచీ కాదు.

లూమ్ (చీకట్లో వెలిగే పూత) గురించి. 1973 నాటి ఒమేగాలో ట్రిటియం (రేడియోధార్మిక పదార్థం) ఉండాలి. దాని అర్ధాయువు సుమారు 12.3 ఏండ్లు, ఇప్పటికి చీకట్లో వెలగనే వెలగదు. యూవీ వేసినంతసేపు కొంచెం వెలిగి, లైటు తీయగానే ఆరిపోవడం మామూలు. లైటు తీసినా చాలాసేపు వెలుగుతుంటే అది కొత్త లూమ్. నీ ముల్లులు సర్వీసులో మార్చినవి, లేదా పాత ముల్లులకు కొత్త పూత పూసినవి. ఏదైనా డయల్‌తో జత కాదు.

డయల్ తళతళ నన్ను కలవరపెడుతోంది. యూవీకి గుర్తులు వెలగలేదన్నావు, అది ఒరిజినల్‌కు అనుకూలమే గానీ చాలదు, చచ్చిన లూమ్ రంగును పెయింటుతో వేయడం పెద్ద విద్య కాదు. అచ్చు చూడు. చిన్న డయళ్ళ అంచు దగ్గర గీతలు తెగినాయా, లేక అంచు మీదుగా జారినాయా? ‘స్విస్ మేడ్’ పక్కన ట్రిటియంకు గుర్తుగా వేసే టి అక్షరాలు రెండు వైపులా 6 గుర్తు నుంచి సమానమైన ఎడంలో ఉన్నాయా? అక్షరాల కాళ్ళు పదునుగా ముగుస్తాయా, సిరా పాకినట్టు ఉందా? డయల్ అంచున, సాధారణంగా 3 వైపు, ఆకురాయితో గీసిన చిన్న గంటు ఉంటే అది రీడయల్ (పాత డయల్ మీద కొత్తగా అచ్చు) చేసినోళ్ళు పని మధ్యలో డయల్ తిరిగిపోకుండా పెట్టుకునే గుర్తు. కేసు నుంచి మెషిన్ బయటికి తీస్తే తప్ప కనపడదు, అడుగు.

బొంబాయి పక్క ఫావ్రే-లూబా, వెస్ట్ ఎండ్ వాచీలకు వేసే రంగురంగుల రీడయళ్ళు చూసిన కన్నుతో ఒమేగాను చూడొద్దు. అవి ఒక గజం దూరం నుంచి తెలిసిపోతాయి. ఈ ధరలో వాచీలకు పనిచేసేవాళ్ళు అంత బద్ధకస్తులు కారు.

---

చిత్తూరు_లూపు:

పుషర్ అన్న చెప్పినదానికి ఒకటి కలుపుతాను. భాగాలన్నీ ఒమేగావే అయినంత మాత్రాన వాచీ ఒరిజినల్ అయిపోదు. 2021 నవంబరులో జెనీవా వేలంలో 1957 నాటి స్పీడ్‌మాస్టర్ సీకే 2915-1 ఒకటి 31 లక్షల స్విస్ ఫ్రాంకులు దాటి పోయింది. కొన్నది ఒమేగా మ్యూజియమే. 2023లో ఆ కంపెనీయే బయటికొచ్చి, దాంట్లో భాగాలు ఎక్కువగా ఒమేగావే అయినా వేరువేరు వాచీల నుంచి తెచ్చి కూర్చినవని, తమ మాజీ ఉద్యోగుల ప్రమేయం ఉందని చెప్పింది. ఇంటి వాచీని ఇంటివాళ్ళే అంతకు కొన్నారు. కాబట్టి షాపులో ‘ఇది కూడా ఒమేగా పార్టే సార్’ అంటే, సరే, ఏ సంవత్సరం పార్టు, ఏ మోడల్ పార్టు అని అడుగు.

నేనైతే ప్రతి భాగానికీ నాలుగు పేర్లలో ఒకటి పెట్టుకుంటాను. వాచీతో పాటే పుట్టింది, అదే కాలపుది గానీ వేరే వాచీది, కంపెనీ సర్వీసులో వేసింది, బయటిది. ఇవి కాగితం మీద వరసగా రాస్తే బేరం దానంతటదే నడుస్తుంది. నీ సీకోకు: కేసు, మెషిన్, మూత మొదటి కోవ, డయల్ నాలుగో కోవ, బెజెల్ సంగతి నువ్వు చెప్పలేదు. ఒమేగాకు: కేసు, చైను మొదటి కోవ కావొచ్చు, మెషిన్ రెండోది, ముల్లులు మూడో నాలుగో, డయల్ ఇంకా తేలలేదు, మూత ఒరిజినలే అయినా దాన్ని పాడుచేసినారు.

---

మదనపల్లె_మెషిన్:

ధర మాట అడిగినావు కదా, ఎవరూ చెప్పలేదు. బయటి డయల్ ఉన్న సీకోకు, ఒరిజినల్ డయల్ ఉన్న 6002 ధరలో సగం దాటి పోవద్దు. నా లెక్కలో సగం కూడా ఎక్కువే, ఎందుకంటే ఒరిజినల్ డయల్ విడిగా కొనాలంటే మిగిలిన సగం దానికే చెల్లు. మెషిన్ బాగుంది, కేసు పాలిష్ పడలేదు, అందుకే ఆ సగం. పాలిష్ పట్టి అంచులు సబ్బుబిళ్ళలా అరిగిన కేసైతే నేను ఊరికే ఇచ్చినా ఆలోచిస్తాను. డయల్ మార్చుకోవచ్చు, ముల్లు మార్చుకోవచ్చు, పోయిన లోహం తిరిగి రాదు.

ఒమేగాకు స్పీడ్‌మాస్టర్ 125 ధర అనే మాటే ఎత్తొద్దు. 1040 ఉన్న మార్క్ 3 మెషిన్ ధర, దానికి 125 కేసు, చైను విలువ కలుపు. మూత మీద చెక్కుడుకు తగ్గించు. ఆ చెక్కుడును చెరిపించాలనుకోవద్దు, మూత పలచబడి ఇంకా చెడుతుంది. పైగా ఈ మెషిన్‌కు విడిభాగాలు బాగా వాడుకలో ఉండే 7750 మెషిన్ మాదిరి ప్రతి చోటా దొరకవు, చెన్నైలో కూడా వెతకాల్సిందే. మధ్యలో రెండు క్రోనో ముల్లులుంటాయి కదా, రీసెట్‌కు రెండూ ఒకేసారి 12 మీదికి రావాలి. నిమిషాల ముల్లు వెనకబడితే ఆ పరీక్ష ఒక్కటే బేరం వదిలేయడానికి చాలు.

రెండూ కలిపితేనే ఇస్తానంటున్నాడు అంటే ఒకదాని లోపాన్ని ఇంకోదాని మెరుపుతో అమ్ముతున్నాడు. విడగొట్టమను. విడగొట్టకపోతే సీకో విలువ మాత్రమే లెక్కేసి రెంటికీ అదే చెప్పు, ఒప్పుకుంటే తెచ్చుకో.

---

చంద్రగిరి_కేసుబ్యాక్:

అన్నలంతా బొక్కలు వెతకడంలో పడినారు. కట్టుకోడానికైతే ఆ సీకో మంచి వాచీ. మెషిన్ నడుస్తాంది, క్లచ్ జారలేదు, కేసు పదునుగా ఉంది. ఇన్ని కుదిరిన 6139 ఈ పక్క రోజూ దొరకదు. డయల్ నిదానంగా వెతుక్కోవచ్చు. ఒమేగా మాత్రం నేను కూడా ముట్టుకోను.

కొంటే బిల్లు మీద మోడల్, సీరియల్, మెషిన్ నంబరు రాయించుకో. ‘డయల్ ఒరిజినల్ కాదు’ అనేది కూడా రాయించు, రేపు నువ్వు అమ్మేటప్పుడు ఆ నిజాయితీ పనికొస్తుంది. డయల్ మీద 70 మీటర్లు రాసుందని చేయి కడుక్కునేటప్పుడు కూడా నమ్మొద్దు. రబ్బరు వాషర్లు ఎప్పుడో గట్టిపడి ఉంటాయి. పుష్ బటన్ల లోపలి వాషర్లు, మూత వాషరు, అద్దం వాషరు సర్వీసులో అన్నీ మార్పించు. అక్టోబరు, నవంబరు వానలకు మన దగ్గర అద్దం లోపల ఆవిరి పట్టిందంటే డయల్ మీద మచ్చలు మొదలైనట్టే.

---

శేషాచలం_సెకన్లు:

ఒమేగా వద్దన్నాను, సీకో విడిగా ఇవ్వడానికి ఒప్పుకున్నాడు, ధర మదనపల్లె అన్న చెప్పిన లెక్కకే వచ్చినాడు. డయల్ కోసం వెతికితే ఒకటి దొరికింది. వలయాలు ఉండాయి, కింద నంబరు 6139తోనే మొదలైతాది, ‘రెసిస్ట్’ అని ఉంది. కానీ 4 దగ్గర మచ్చలు, వెనక ఒక కాలు (డయల్‌ను మెషిన్‌కు బిగించే పుల్ల) లేదు. తీసుకోవచ్చా? కాలు లేకపోతే ఏమన్నా ఇబ్బందా?

---

చిత్తూరు_లూపు:

మచ్చలున్న ఒరిజినల్ తీసుకో, సందేహం లేదు. తుడవాలని చూడొద్దు. దూది, స్పిరిట్ ఏదీ తగలనీయొద్దు, అచ్చు లేచిపోతుంది. రబ్బరు బల్బుతో గాలి ఊదితే చాలు.

ఒక కాలు లేకపోవడం మామూలు డయల్‌లో పెద్ద సంగతి కాదు. దీంట్లో వారం, తేదీ కిటికీ ఉంది, 6 దగ్గర చిన్న ముల్లు ఇరుసు డయల్ రంధ్రం మధ్యలోంచి రావాలి. డయల్ వెంట్రుక వాసి తిరిగినా ఇరుసు అంచుకు రాసుకొని నిమిషాల లెక్క ఆగుతుంది, ఆగకపోతే వాచీనే మందగిస్తుంది. కాబట్టి ఉన్న కాలుతో బిగించి, పోయిన వైపు డయల్ వెనక అతికించే పలచటి చుక్క స్టిక్కరు వేయించు. అది తేదీ చక్రం తిరిగే చోట పడకూడదు. ఫెవిక్విక్ పెట్టనీయొద్దు. దాని ఆవిరికి అద్దం, డయల్ తెల్లగా మసకబారుతాయి, రేపు మళ్ళీ విప్పాలంటే డయల్ వంగుతుంది.

బిగించిన తర్వాత ముల్లులు ఎక్కించే ముందే తేదీని 1 నుంచి 31 దాకా నొక్కి చూడమను. అంకెలు కిటికీ మధ్యలో ఉంటే అప్పుడు ముల్లులు ఎక్కించొచ్చు. క్రోనో ముల్లును మాత్రం రీసెట్ బటన్ నొక్కిపట్టుకొని, సుత్తి ఇరుసును పట్టుకొని ఉండగానే 12 మీద ఎక్కించాలి. వదులైన గొట్టం ముందు బిగించి ఉండాలి, లేకపోతే కొత్త డయల్ మీద కూడా అదే తేడా చూస్తావు.

---

మదనపల్లె_మెషిన్:

పాత డయల్ పారెయ్యొద్దు. సర్వీసు చేసేవాడికి మెషిన్ నడిపి పరీక్షించుకోడానికి పనికొస్తుంది, మంచి డయల్ చివర్లో ఒక్కసారే బిగిస్తాడు.